వాన చేసిన పని

మధ్యాహ్నం గాలి సూచన రాసి పంపించేసి గ్రిసెల్దా కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంది. ఆ వారమంతా ఆమె రాసింది ఒకే సూచన, అంకెలు మాత్రం మారాయి. ఓజోన్ మోతాదు దాటింది, పిల్లల్నీ ముసలివాళ్ళనీ బయటికి పంపకండి, సగం బళ్ళు రోడ్డెక్కడానికి వీల్లేదు. కిటికీలోంచి చూస్తే సాన్ హసింతో నగరం చివర ఉండాల్సిన కొండలు కనపడడంలేదు. మే నెల సగం గడిచిపోయింది. ఈపాటికి సాయంత్రాలు ఉరుములు మొదలవ్వాలి. ఎండ తప్ప మరేమీ లేదు. గాలి కూడా లేదు.

బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగింది. కింద బెంచీ మీద ఆ పెద్దాయన ఇవాళ కూడా ఉన్నాడు. గడ్డిటోపీ మోకాలిమీద పెట్టుకుని, వీపు గోడకి ఆనించకుండా కూర్చున్నాడు. గార్డు ఆయన ముందు నిలబడి ఉన్నాడు.

"చెప్పాను కదా పెద్దాయనా. డైరెక్టరు గారు ఊళ్ళో లేరు."

"పొద్దున్న నల్లకారులో దిగింది ఆయన తమ్ముడా మరి?"

గార్డు నవ్వు ఆపుకుని పక్కకి చూశాడు. పెద్దాయన గ్రిసెల్దాని చూసి లేచాడు.

"మీరు ఇంజనీరమ్మ కదూ? పోయినేడు మా బట్టీ మూతికి సిమెంటు పూసినరోజు మీరూ వచ్చారు. ఎండకి ఫైలు నెత్తిమీద పెట్టుకుని నిలబడ్డారు."

"వచ్చానండీ."

"నాకు ఒక్క సంగతి తెలియాలమ్మా. మా ఇటుక బట్టీలు మూయించారు. ఊరి గాలి బాగుపడిందన్నారు. టీవీలో చూపించారు, డైరెక్టరు గారికి దండ వేశారు. సరే, ఇన్నాళ్ళూ తప్పు మాదే కాబోలు అనుకున్నాం. ఈ ఏడు మా బట్టీల్లో పిల్లులు ఈనుతున్నాయి. మరి ఇప్పుడు గాలి పాడుచేస్తోంది ఎవరు?"

జవాబు గ్రిసెల్దాకి తెలుసు. గార్డు వింటున్నాడు. వెనక మెట్లమీద ఎవరో దిగుతున్నారు.

"లోపలికి రండి, కాసిని మంచినీళ్ళు తాగుదురు గాని."

"బస్సు పోతుందమ్మా." ఆయన టోపీ పెట్టుకున్నాడు. గోళ్ళ చుట్టూ ఎర్రమట్టి గీతలు ఉన్నాయి. ఎంత తోమినా పోయే మట్టి కాదు. "జవాబు దొరికితే చెప్పి పంపండి. నా పేరు తోరీబియో. కొండమీద లా లోమాలో ఎవర్నడిగినా ఇల్లు చూపిస్తారు. ఊరిని పాడుచేసినవాడి ఇల్లేది అని అడిగారనుకోండి, ఇంకా తొందరగా చూపిస్తారు."

గేటుదాకా నడిచి, ఆగి, వెనక్కి తిరిగాడు. "నా మనవరాలిని బళ్ళో మసిపిల్లా అని పిలుస్తున్నారట. చదువు చెప్పే పంతులమ్మే మొదలెట్టిందట." టోపీ అంచు కిందికి లాక్కుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న డైరెక్టరు అర్మేంతా తన గదికి పిలిపించాడు. టై వదులు చేసుకుని ఉన్నాడు. టేబుల్ మీద రెండు ఫోన్లు బోర్లించి ఉన్నాయి. రాత్రి నిద్రపోయినట్టు లేడు.

"కూర్చో గ్రిసెల్దా. గవర్నరు గారి ఆఫీసువాళ్ళు పొద్దున్నుంచీ ప్రాణం తీస్తున్నారు. లా లోమాలో రాత్రిళ్ళు దొంగచాటుగా బట్టీలు కాలుస్తున్నారేమో. నువ్వు వ్యాను తీసుకుని పైకి వెళ్ళు. ఎవరు కాలుస్తున్నారో చూసి రా. శుక్రవారం పత్రికలవాళ్ళని పిలిచాం. కొండకి అటువైపున్న బట్టీలు కూడా మూసేస్తున్నామని చెప్పేద్దాం."

"సార్, వాటివల్ల కాదు."

"మళ్ళీ మొదలెట్టకు."

"పోయినేడు సముద్రం చల్లబడి ఉంది. ఏప్రిల్‌లోనే వానలొచ్చాయి. మబ్బులు, గాలులు. బళ్ళ పొగా రంగుల ఆవిరీ ఎండలో ఉడికితే కదా ఈ ఓజోన్ వాయువు పుట్టేది? ఉడకడానికి ఎండే లేకపోయింది. ఈ ఏడు ఎల్ నినో. అక్కడ సముద్రం వేడెక్కింది, ఇక్కడ వాన వెనకబడింది, లోయలో గాలి కదలడం మానేసింది. బళ్ళు అవే, బంకులు అవే, ఫ్యాక్టరీలు అవే. వానా ఎండా లెక్కలోంచి తీసేసి చూస్తే రెండేళ్ళూ ఒక్కలాగే ఉన్నాయి. పోయినేడు బాగుపడింది మన గొప్ప కాదు, ఈ ఏడు పాడైంది వాళ్ళ తప్పూ కాదు."

"పోయినేడు నాకు దండ వేసినప్పుడు చెప్పలేకపోయావా?"

"చెప్పాను. వానకి ఎవరూ చప్పట్లు కొట్టరు అన్నారు మీరు."

అర్మేంతా ఒక్కక్షణం ఆమెను చూసి, పెద్దగా నవ్వాడు. "అన్నానా? బాగానే అన్నాను." తర్వాత నవ్వు పోయి అలసట ఒక్కటే మిగిలింది. "చూడమ్మా, నువ్వు చెప్పేది అబద్ధమని నేననడంలేదు. పైవాళ్ళు ఫోను చేసి 'ఎవరు' అని అడుగుతారు. 'ఎందుకు' అని అడగరు. సముద్రం అని చెప్పనా? సముద్రానికి నోటీసు అంటించనా? ఊరి బళ్ళన్నీ ఆపలేను, ఫ్యాక్టరీలు ముట్టుకోలేను. నా చెయ్యి అందేది ఆ బట్టీలదాకానే. వెళ్ళి రా."

వ్యాను తాళాలు తీసుకుంది. వాదించడానికి ఓపిక లేదు. ఇరవై ఏళ్ళుగా ఇదే మేడమీద ఇవే మాటలు, డైరెక్టరు గదిలో ఉండే మనిషి మాత్రం మారుతూ ఉంటాడు.

లా లోమాకి వెళ్ళే దారి చివర మట్టిరోడ్డు. వ్యాను వెనకాల దుమ్ము లేచి అక్కడే నిలబడిపోయింది. పైకి చేరి ఇంజను ఆపేసరికి సాయంకాలమైంది. ఎక్కడా పొగ లేదు. వరసగా బట్టీలు, మనిషికి రెట్టింపు ఎత్తున్న ఇటుక పెట్టెల్లా, మూతులకి సిమెంటు పూతలు. పూతలమీద నిరుడు అంటించిన ప్రభుత్వం కాగితాలు ఎండకి రంగు వెలిసి ఉన్నాయి. ఆమె యంత్రం ఆన్ చేసి అంకెలు చూసింది. ఓజోన్ కింద నగరంలోకన్నా ఇక్కడ ఇంకా ఎక్కువగా ఉంది. కింద పుట్టింది నెమ్మదిగా పైకి ఎక్కి కొండకి తగులుకుని ఉంది.

తోరీబియో ఇంటి వెనక అరుగు మీద వంగి ఇటుకలు చేస్తున్నాడు. పని దొరికిన రోజుల్లో పగలు కింద ఇళ్ళు కట్టే సామాన్ల దుకాణంలో లారీలు దించుతాడు. ఆ పని నుంచి వచ్చాక కూడా వీపు వంచి మట్టిలో చేతులు పెట్టాడు. చెక్క అచ్చుని నీళ్ళలో ముంచి, లోపల ఇసక చల్లి, రెండు దోసిళ్ళ మట్టిని ఒక్క దెబ్బతో అందులోకి కొట్టి, బొటనవేళ్ళతో మూలలు నొక్కి, పైన అరచేత్తో ఒక్కసారి నిమిరాడు. అచ్చు పైకెత్తితే ఇటుక నేలమీద నిలబడింది. దాని పక్కనే ఇంకోటి. వాటి వెనక గోడ పొడుగునా ఎండిన పచ్చి ఇటుకలు నడుమెత్తు పేర్చి ఉన్నాయి.

"కాల్చడానికి లేదు కదా, ఎందుకు చేస్తున్నారు?"

"మీరొచ్చారా!" ఆయన చేతులు బకెట్టులో ముంచాడు. "ఏం చెయ్యమంటారు? సాయంత్రమైతే చేతులు ఊరుకోవు. దూలియా, ఇంజనీరమ్మ వచ్చారు!"

ఆయన గోడవారనున్న కొత్త ఇటుక ఒకటి తెచ్చి ఆమె ముందు పట్టుకుని వేలి కణుపుతో కొట్టాడు. మొద్దు చప్పుడు. "వేరే రాష్ట్రంనుంచి లారీల్లో వస్తోంది ఇది. వినండి, మోగదు. సరిగా ఉడకలేదు. పని దొరికిన రోజల్లా ఇదే మోసి దించుతున్నాను. అక్కడ వాళ్ళు కాలిస్తే పొగ రాదు కాబోలు."

గ్రిసెల్దా పక్కనున్న బల్లమీద కూర్చుని డైరెక్టరుకి చెప్పిందే ఆయనకీ చెప్పింది. ఇంకా తేలికగా చెప్పింది. పోయినేడు గాలిని బాగుచేసింది వాన. మీ బట్టీలు తెరిచి ఉన్నా అంతే బాగుపడేది. ఈ ఏడు వాన లేదు, మీ బట్టీలు మూసి ఉన్నా ఏం లాభం లేకపోయింది. ఈ వాయువు మీ పొగలోంచి వచ్చేది కాదు.

తోరీబియో తడిచేతులు మోకాళ్ళమీద పెట్టుకుని విన్నాడు.

"ఈ మాట అందరిముందూ చెప్తారా?"

"శుక్రవారం పత్రికలవాళ్ళు వస్తున్నారు. చెప్తాను."

"నా పేరు చెప్పక్కర్లేదు. లా లోమావాళ్ళు కాదు అంటే చాలు." ఆయన లేచి అటు తిరిగాడు. తిరిగి ఇంకో దోసెడు మట్టి తీసుకున్నాడు గాని అచ్చులో వెయ్యలేదు. చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

ఆయన దూలియా అని పిలిచే భార్య ఒబ్దూలియా చిక్కుడుగింజల కూర, నాగజెముడు ఆకుల వేపుడు, గుడ్డలో చుట్టిన వేడి మొక్కజొన్న తోర్తియా రొట్టెలు తెచ్చింది. సన్నటి మనిషి. వంగి పళ్ళెం పెట్టి, నిటారుగా అయ్యాక ఊపిరి కోసం ఒక క్షణం ఆగింది. తింటున్నంతసేపూ తోరీబియో ఊరుకోలేదు. బట్టీని ఎలా పేర్చాలో, మొదటిరోజు మంట ఎంత మెల్లగా పెట్టాలో, ఇటుక ఎర్రబడ్డప్పుడు సందుల్లోంచి ఎలా కనపడుతుందో చెప్తూనే ఉన్నాడు. సిమెంటు పగలగొడితే రెండుసార్లు బట్టీ కాల్చడానికి సరిపడా పచ్చి ఇటుక సిద్ధంగా ఉందన్నాడు.

ఒబ్దూలియా ఆమెను వ్యానుదాకా సాగనంపింది. గోడ మలుపు దాటాక చెయ్యి పట్టుకుంది.

"తల్లీ, ఆ మాట అక్కడ చెప్పకు."

"ఏ మాటండీ?"

"బట్టీలది తప్పు కాదని." ఆమె గొంతు తగ్గించింది. "పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఆ బట్టీ కిటికీ ఎదురుగా ఉంది. చెక్కపొట్టు దొరక్కపోతే పాత టైర్లు కాలుస్తాడు. నేను పడుకుని నిద్రపోయింది ఎన్నేళ్ళకో తెలుసా? పోయినేడు. అప్పటిదాకా కుర్చీలో కూర్చునే నిద్రపోయేదాన్ని. పడుకుంటే ఊపిరి అందేది కాదు. మనవరాలికి దగ్గు పోయింది. ఆరేసిన బట్టలు తెల్లగా ఇంట్లోకి వస్తున్నాయి."

"అది వేరే పొగండీ. నేను కొలిచేది వేరే..."

"నీ యంత్రం ఏది కొలుస్తుందో నాకేం తెలుసు. నా రొమ్ము కొలిచేది నాకు తెలుసు." ఆమె దగ్గలేదు గాని, దగ్గబోయే మనిషిలా ఆగింది. "ఆయన చెడ్డవాడు కాదు. నిప్పు తప్ప ఇంకోటి తెలీదు, అంతే. ఆ బట్టీ మూతి తెరిచారా, రేపే అంటిస్తాడు. వాళ్ళు ఏ కారణంతో మూశారో నాకు అక్కర్లేదమ్మా. మూసే ఉండనీ."

గ్రిసెల్దా వ్యానెక్కింది. దిగుతున్న దారిలో ఒకచోట వ్యాను ఆపి స్టీరింగు మీద నుదురు ఆనించి కూర్చుంది. న్యాయం చెయ్యడానికి వెళ్ళింది. ఆ న్యాయం ఎవరింట్లో ఎవరి గొంతు పట్టుకుంటుందో అడగకుండానే మాట ఇచ్చేసింది.

శుక్రవారం హాల్లో ఏసీ పనిచెయ్యలేదు. అర్మేంతా చొక్కా చంకల్లో తడిసిపోయింది. కొండకి అటువైపు బట్టీలమీద చర్య తీసుకుంటున్నామని చదివాడు. లా లోమాలో దొంగచాటుగా బట్టీలు కాలుస్తున్నట్టు అనుమానం ఉందన్నాడు. ముందు వరసలోని ఒక విలేకరి చెయ్యెత్తింది.

"పోయినేడు మూసినవాటివల్ల గాలి బాగుపడిందన్నారు. అవి మూసే ఉన్నాయి. ఈ ఏడు ఇంత ఘోరంగా ఎందుకుంది?"

"సాంకేతిక విషయాలు మా ఇంజనీరు చెప్తారు" అని అర్మేంతా మైకు గ్రిసెల్దా వైపు జరిపాడు. ఆ కళ్ళు బతిమాలుతున్నాయి.

ఆమె నీళ్ళు తాగింది.

"లా లోమాకి నేనే వెళ్ళాను. అక్కడ ఎవరూ కాల్చడంలేదు" అంది. "పోయినేడు ఓజోన్ తగ్గింది వానవల్ల. మేం చేసిందేమీ లేదు. ఈ ఏడు పెరిగింది వాన రానందువల్ల, గాలి ఆగినందువల్ల. అలాంటి ఏడు మళ్ళీ వస్తుంది, ఇలాంటి ఏడూ మళ్ళీ వస్తుంది. రెండిట్లోనూ కింద పొగ పెట్టేది మన బళ్ళు, మన ఫ్యాక్టరీలు. లా లోమావాళ్ళ వల్ల ఈ వాయువు రాలేదు."

పెన్నులు కదిలాయి. ఆమె ఆగలేదు.

"ఇంకో సంగతి. ఆ బట్టీల పొగ వేరు. అది నగరం దాకా రాదు. బట్టీ పక్కనున్న ఇంట్లోకే వెళ్తుంది. అక్కడ పడుకోలేక కూర్చుని నిద్రపోయే ఆడవాళ్ళున్నారు. వాళ్ళ కోసం అని ఆ బట్టీల్ని ఎవరూ మూయలేదు. మూయాలనుకుంటే వాళ్ళ పేరు చెప్పే మూయాలి. ఆ మగవాళ్ళకి ఇంకో పని చూపించి మూయాలి."

మర్నాడు పత్రికల్లో మొదటి సగమే వచ్చింది. రెండో సగం ఒక్కరూ వెయ్యలేదు. గవర్నరు ఆఫీసు తొందరపడి, తదుపరి పరిశీలన అయ్యేదాకా బట్టీలమీద నిషేధం ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. అర్మేంతా ఆమెను పిలిపించి కేకలెయ్యలేదు. "రేపటినుంచి సూచన వేరేవాళ్ళు రాస్తారు. నువ్వు స్టేషన్లు తిరిగి ఫిల్టర్లు మార్చు" అన్నాడు, ఫోను వైపే చూస్తూ. "నిన్ను తియ్యమన్నారు. నేను ఒప్పుకోలేదు. అది కూడా గుర్తుపెట్టుకో."

ఆదివారంనాడు ఆమె బస్సెక్కి లా లోమాకి వెళ్ళింది. ఎందుకు వెళ్తోందో ఆమెకే సరిగ్గా తెలీదు. దారి మలుపులోనే పొగ కనిపించింది. గాలి లేక నిటారుగా, నల్లగా లేస్తోంది. ఒబ్దూలియా గుమ్మంలో ఎదురైతే ఏం చెప్పాలా అనుకుంటూ నడిచింది.

దగ్గరకెళ్తే అది తోరీబియో పక్కింటి ఫెర్మిన్ బట్టీ. ఫెర్మిన్ మసిపట్టిన గోనెసంచి భుజాన వేసుకుని చెక్కపొట్టు మోస్తూ, ఆమెను చూసి చెయ్యెత్తి, "మీ పుణ్యమే ఇంజనీరమ్మా!" అని అరిచాడు.

తోరీబియో బట్టీ మీద పైన ఉన్నాడు. ఒక చేత్తో గునపం, ఒక చేత్తో గోడ అంచు. సిమెంటు పూత ముట్టుకోలేదు. పైవరస నుంచి ఒక్కొక్క ఇటుక ఊడదీసి కిందికి అందిస్తున్నాడు. కింద మనవరాలు వాటిని గోడవార పేరుస్తోంది. సగం బట్టీ అప్పటికే కిందికి దిగిపోయింది.

"ఏం చేస్తున్నారు?"

"కళ్ళు లేవా ఇంజనీరమ్మా? పడగొడుతున్నాను."

"తెరవచ్చన్నారు కదా. కాగితం వచ్చింది కదా."

"వచ్చింది. నిన్న ఇన్‌స్పెక్టరే తెచ్చి చేతిలో పెట్టాడు. పోయినేడు ఆ మనిషి కళ్ళెత్తి చూడలేదు, నిన్న టోపీ తీశాడు." ఆయన మోచేత్తో చెమట తుడుచుకున్నాడు. "మీరు అక్కడ చెప్పింది ఫెర్మిన్ కొడుకు ఫోనులో మొత్తం వినిపించాడు. పేపర్లో వేసినది కాదు, మొత్తం. కూర్చుని నిద్రపోయే ఆడవాళ్ళు అన్నారు. మా దూలియాని అడిగాను, ఎవరే ఆవిడ అని. చెప్పలేదు. వంటింట్లోకి వెళ్ళిపోయింది."

గునపం సందులో పెట్టి నొక్కాడు. సున్నం రాలింది.

"వాళ్ళు వచ్చి మూసెయ్ అన్నప్పుడు చచ్చినా పడగొట్టేవాణ్ణి కాదు. అలా చేస్తే తప్పు నాదే అని ఒప్పుకున్నట్టు. ఇప్పుడు నన్నెవరూ ఏమీ అనడంలేదు కదా. ఇప్పుడు పడగొడితే అది నా పని."

"తర్వాత ఏం చేస్తారు?"

"లారీలు దించుతాను. నడుం నిలబడినన్నాళ్ళు." ఆయన ఇటుక పట్టుకున్న చెయ్యి కిందికి చాచాడు. మనవరాలు దూరంగా పేరుస్తోంది. అందుకోడానికి ఎవరూ లేరు. గ్రిసెల్దా బ్యాగు కింద పెట్టి రెండు చేతులతో అందుకుంది. ఎన్నోసార్లు మంటలో కాలిన ఇటుక, నల్లగా, అనుకున్నదానికన్నా బరువుగా ఉంది.

గుమ్మంలో ఒబ్దూలియా నిలబడి ఉంది. సంతోషంగా లేదు. శాలువా కొంగు మూతికి అడ్డం పెట్టుకుని ఫెర్మిన్ బట్టీ వైపు చూస్తోంది. కాస్త గాలి కదిలి అక్కడి పొగ ఇటే వాలి వస్తోంది.

"ఫెర్మిన్‌కి చెప్పలేదా?" అని గ్రిసెల్దా నెమ్మదిగా అడిగింది.

"వాడికి నలుగురు పిల్లలమ్మా" అన్నాడు తోరీబియో. "ఏమని చెప్పను? నా పొగ సంగతి నాకు నేను చెప్పుకోడానికే ఇన్నేళ్ళు పట్టింది."

ఒబ్దూలియా లోపలికి వెళ్ళి కిటికీ రెక్కలు వేసింది. గొళ్ళెం బిగుసుకుంటే రెండుసార్లు నెట్టింది. మళ్ళీ బయటికొచ్చి, ఏమీ అనకుండా గ్రిసెల్దా పక్కన నిలబడి చేతులు చాచింది. గ్రిసెల్దా ఇటుకని ఆమెకి అందించింది. ఆమె మనవరాలికి అందించింది. పైనుంచి ఇంకోటి వచ్చింది. ఎండ దిగడంలేదు. గ్రిసెల్దా కళ్ళు మండుతున్నాయి, నీళ్ళు కారుతున్నాయి. అది లోయలోంచి వచ్చిన గాలివల్లో పక్కింటి పొగవల్లో చెప్పమని అక్కడ ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె భుజంతో కళ్ళు తుడుచుకుని తర్వాతి ఇటుక కోసం చేతులెత్తింది.